కొవ్వాడ పక్క ఊరి అమ్మాయి అడిగిన ప్రశ్న: సంలీన విద్యుత్తు వచ్చేదాకా ఆగలేమా?

రణస్థలం మాస్టారు
ఆదివారం, రాత్రి 8:50

సభ్యులందరికీ నమస్కారం. నేను రణస్థలం మండలంలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతున్నాను. మొన్న శుక్రవారం సూర్యుడిలో శక్తి ఎలా పుడుతుందో వివరించి, పుస్తకం మూసే సమయానికి మత్స్యకార కుటుంబానికి చెందిన ఒక అమ్మాయి లేచి నిలబడింది. "మాస్టారూ, సూర్యుడి పద్ధతిలో కరెంటు తీసే యంత్రం ఇంకో ఇరవై ఏళ్లలో వస్తుందని పేపర్లో రాశారు. అటువంటప్పుడు మా దగ్గర అణు విద్యుత్ కేంద్రం ఇప్పుడే కట్టడం ఎందుకు? అది వచ్చేదాకా ఆగకూడదా?" అని అడిగింది.

మన శ్రీకాకుళం తీరంలోని కొవ్వాడలో ఒక్కొక్కటి 1208 మెగావాట్ల సామర్థ్యంతో ఆరు రియాక్టర్లు ప్రతిపాదించిన సంగతి ఇక్కడ అందరికీ తెలిసిందే. ఆ పిల్ల బంధువుల ఇళ్లు, వాళ్ల వలలు ఆరే తీరం ఆ ప్రతిపాదన హద్దుల్లో ఉన్నాయి కనుక, పరీక్షలో రాసే జవాబు చెప్పి కూర్చోబెట్టడానికి నాకు మనసు ఒప్పలేదు. వచ్చే గురువారం చెబుతానని మాట ఇచ్చాను.

ఇరవై ఏళ్లు అన్న మాట కొత్తది కాదని మాత్రం నాకు తెలుసు. 1955 ఆగస్టులో జెనీవాలో అణుశక్తి శాంతియుత వినియోగంపై జరిగిన తొలి అంతర్జాతీయ సదస్సుకు అధ్యక్షత వహించిన హోమీ భాభా, సంలీన శక్తిని, అంటే తేలిక కేంద్రకాలు కలిసినప్పుడు పుట్టే శక్తిని (ఫ్యూజన్), అదుపులో ఉంచి విడుదల చేసే మార్గం రెండు దశాబ్దాల్లో దొరుకుతుందని అంచనా వేశారు. అప్పటి నుంచి డెబ్బై ఏళ్లు గడిచాయి. అంత గొప్ప శాస్త్రవేత్త అంచనా ఎక్కడ తప్పింది, ఈ డెబ్బై ఏళ్లలో నిజంగా ఏది రుజువైంది, ఏది ఇంకా తేలలేదు అన్నది తెలిసినవారు ఉన్నదున్నట్టు వివరించాలని ప్రార్థన.

బొబ్బిలి వీణ
ఆదివారం, రాత్రి 10:15

మాస్టారూ, నమస్కారం. నేను బొబ్బిలి అమ్మాయిని. ప్లాస్మా భౌతికశాస్త్రంలో పరిశోధన చేసి, కొంతకాలం ఒక ప్రయోగశాలలో పనిచేశాను. మీ విద్యార్థినికి ముందుగా చెప్పవలసినది, సూర్యుణ్ణి భూమి మీదకి తెస్తున్నారన్న పత్రికల మాట సరైనది కాదని. సూర్యుడి గర్భంలో ఉష్ణోగ్రత సుమారు ఒకటిన్నర కోట్ల డిగ్రీలు. అక్కడ సాధారణ హైడ్రోజన్ కేంద్రకాలు ఎంతో నింపాదిగా కలుస్తాయి. సూర్యుడిచ్చే శక్తిని దాని బరువు మొత్తానికి పంచి చూస్తే, ఒక్కో కిలోకు వచ్చేది మన శరీరం కిలోకు ఇచ్చే వేడిలో వెయ్యో వంతు కూడా ఉండదు. సూర్యుడు అంత పెద్దవాడు గనుక ఆ నింపాది అతనికి సరిపోతుంది. మనకు సరిపోదు. అందుకే భూమి మీద డ్యుటీరియం, ట్రిటియం అనే రెండు బరువైన హైడ్రోజన్ రకాలను తీసుకుని, సూర్యగర్భం కంటే పది రెట్లు, అంటే సుమారు 15 కోట్ల డిగ్రీల వరకు వేడి చేయవలసి వస్తుంది. సూర్యుణ్ణి పట్టి ఉంచేది అతని గురుత్వాకర్షణ. మన దగ్గర అది లేదు కనుక, టోకమాక్ అనే గారె ఆకారపు పాత్రలో అయస్కాంత క్షేత్రంతో ఆ ప్లాస్మాను, అంటే ఆవేశిత కణాలుగా విడిపోయిన వేడి వాయువును, గోడకు తగలకుండా నిలుపుతారు, లేదా చిన్న గుండును లేజర్లతో నలువైపుల నుంచి ఒక్కసారిగా నొక్కుతారు.

కేంద్రకాలు కలుస్తాయని, శక్తి వస్తుందని రుజువైంది. ఆ విషయంలో సందేహం అక్కరలేదు. ఇంగ్లండులోని జెట్ అనే టోకమాక్ యంత్రం 2023 అక్టోబరులో, మూసివేతకు రెండు నెలల ముందు, ఒకే ప్రయోగంలో ఐదు సెకన్లకు పైగా నడిచి 69 మెగాజౌళ్ల సంలీన శక్తినిచ్చింది. దానికి ఖర్చయిన ఇంధనం 0.2 మిల్లీగ్రాములు. మన ఇంటి మీటరు లెక్కలోకి మార్చితే అది 19 యూనిట్లు. అయితే ఆ ప్లాస్మాను వేడి చేయడానికి లోపలికి పంపిన శక్తి అంతకంటే ఎక్కువ.

లోపలికి పంపినదాని కంటే ఎక్కువ తిరిగి రావడం 2022 డిసెంబరు 5న అమెరికాలోని లేజర్ ప్రయోగశాలలో తొలిసారి జరిగింది. 2.05 మెగాజౌళ్ల లేజర్ కాంతి గుండు మీద పడితే 3.15 మెగాజౌళ్లు వెలువడ్డాయి. పత్రికలు అక్కడితో ఆగాయి. ఆ లేజర్లను వెలిగించడానికి గోడలోని ప్లగ్గు నుంచి తీసుకున్నది దాదాపు 300 మెగాజౌళ్లు. యూనిట్లలో చెప్పాలంటే, 83 యూనిట్లు కాల్చి ఒక యూనిట్ కూడా నిండని వేడిని పొందారు. అది గొప్ప శాస్త్ర విజయమన్న మాటలో నాకు సందేహం లేదు, ఆ రోజు మా ప్రయోగశాలలో కళ్లు చెమర్చినవాళ్లున్నారు. కానీ ప్లాస్మా లెక్క ఒకటి, కరెంటు మీటరు లెక్క మరొకటి. ఈ రెండింటినీ వేరుచేసి చూడడం మీ విద్యార్థులకు నేర్పితే ఇకపై ఏ వార్త చదివినా వాళ్లు మోసపోరు.

అరసవల్లి కిరణం
సోమవారం, ఉదయం 7:05

అక్కా, మీరు చెప్పినవి కాదనను, కానీ చిత్రం మరీ నిరాశగా వచ్చిందని నా అభిప్రాయం. నాది శ్రీకాకుళం, బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఈ రంగాన్ని ఐదారేళ్లుగా శ్రద్ధగా చదువుతున్నాను. 2021 సెప్టెంబరులో అమెరికాలో ఒక బృందం కొత్త తరహా అతివాహక (నిరోధం లేకుండా కరెంటు పారే) టేపుతో చుట్టిన పెద్ద అయస్కాంతపు క్షేత్రాన్ని 20 టెస్లా వరకు తీసుకువెళ్లింది. అయస్కాంత క్షేత్రం రెట్టింపైతే అదే పరిమాణంలో వచ్చే సంలీన శక్తి సుమారు పదహారు రెట్లవుతుంది. అంటే ఫ్రాన్స్‌లో కడుతున్న ఐటీఈఆర్ అనే టోకమాక్ లాగా ముప్పైకి పైగా దేశాలు కలిసి కొండంత యంత్రం కట్టనక్కరలేదు, చిన్నవి కట్టుకోవచ్చు. ప్లాస్మాను నిలిపే కాలం కూడా పెరుగుతోంది. కొరియాలోని కేస్టార్ టోకమాక్ 10 కోట్ల డిగ్రీల వద్ద 48 సెకన్లు నిలిచింది. 2025 జనవరిలో చైనాలోని ఈస్ట్ 1066 సెకన్లు, ఆ మరుసటి నెలలోనే ఫ్రాన్స్‌లోని వెస్ట్ 1337 సెకన్లు ప్లాస్మాను నిలిపాయి. మునుపటి యాభై ఏళ్ల వేగాన్ని చూసి రాబోయే పదేళ్లను అంచనా వేయడం సరికాదేమో ఆలోచించండి.

గరివిడి విశ్రాంత ఇంజనీరు
సోమవారం, మధ్యాహ్నం 2:30

అరసవల్లి బాబూ, నీ ఉత్సాహం నాకు నచ్చింది. నేను ముప్పై రెండేళ్లు ఫెర్రో అల్లాయ్ ఫర్నేసుల దగ్గర మెయింటెనెన్స్ చూసినవాణ్ణి. ప్లాస్మా గురించి నాకు తెలిసినది పుస్తకాల్లో చదివినంతే. గోడల గురించి మాత్రం చేతులు కాల్చుకుని నేర్చుకున్నాను, అందుకే ఆ వైపు నుంచి రాస్తున్నాను.

మా ఫర్నేసులో కరిగిన లోహం పదిహేను వందల డిగ్రీల దగ్గర ఉండేది. కొలిమి బాగా మండడం ఎప్పుడూ మాకు సమస్య కాలేదు. దాన్ని పట్టి ఉంచే లైనింగ్ ఎన్నాళ్లు నిలుస్తుంది, నీటితో చల్లబరిచే గొట్టాల్లో ఎక్కడ సన్నగా కారుతోంది, ఎప్పుడు షట్‌డౌన్ తీసుకోవాలి, తీసుకున్న షట్‌డౌన్ ఎన్ని రోజుల్లో ముగించగలం అన్నవే మా బతుకంతా. ఒకసారి కూలింగ్ ప్యానెల్‌లో వెంట్రుకంత పగులు ఏర్పడి నీరు లోపలికి చేరింది. దాన్ని కనిపెట్టడానికి రెండు షిఫ్టులు, బాగుచేయడానికి పదకొండు రోజులు పట్టింది. మనిషి లోపలికి దిగి, చేత్తో తడిమి, వెల్డింగ్ చేయగలిగిన చోట పరిస్థితి అది.

ఇప్పుడు టోకమాక్ అడుగున బూడిద తోడే చోటుంది, దాన్ని డైవర్టర్ అంటారు. సంలీనంలో మిగిలిన హీలియం, అంచుల నుంచి జారిన వేడి అక్కడికే చేరతాయి. ఐటీఈఆర్ డైవర్టర్ మీద చదరపు మీటరుకు 10 మెగావాట్ల వేడి నిలకడగా పడుతుందని లెక్క. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే మిట్టమధ్యాహ్నపు ఎండ చదరపు మీటరుకు సుమారు ఒక కిలోవాట్. దానికి పదివేల రెట్లు వేడిని అరచేతి మందం లేని టంగ్‌స్టన్ పలక భరించాలి, దాని వెనుక నీటి గొట్టం ఉండాలి, దానికి కొన్ని మీటర్ల దూరంలో సున్నాకు దిగువన 269 డిగ్రీల చలిలో అతివాహక అయస్కాంతాలు పనిచేయాలి. ఈ లోకంలో ఇంత దగ్గరగా ఇంత వేడి, ఇంత చలి ఒకే యంత్రంలో మరెక్కడా పెట్టి ఉండరు.

చిన్న యంత్రం అన్నావు. బలమైన అయస్కాంతంతో యంత్రం చిన్నదవుతుంది, నిజమే. అదే శక్తి తక్కువ వైశాల్యమున్న గోడ మీద పడితే చదరపు మీటరుకు తగిలే దెబ్బ పెరగదా? అయస్కాంతం కష్టాన్ని తగ్గించి గోడ కష్టాన్ని పెంచుకున్నట్టు నాకు కనిపిస్తోంది. ఇది తప్పయితే వీణ గారు దిద్దాలి. ఆ టేపు కనిపెట్టినవారి ప్రతిభను తక్కువ చేయడం లేదు.

వేడి ఒక ఎత్తు, న్యూట్రాన్ మరో ఎత్తు అని కూడా చదివాను. ఆ సంగతి కూడా వీణ గారే చెబితే బాగుంటుంది.

బొబ్బిలి వీణ
సోమవారం, రాత్రి 9:40

ఇంజనీరు గారూ, మీరు పట్టుకున్నది సరిగ్గా అసలు ముడి. చిన్న యంత్రంలో గోడ మీద భారం పెరుగుతుంది, కొత్త అయస్కాంతాలతో పనిచేస్తున్నవారు కూడా దీన్ని ఒప్పుకుంటారు.

న్యూట్రాన్ సంగతి ఇది. ఒక డ్యుటీరియం, ఒక ట్రిటియం కలిసినప్పుడు వచ్చే శక్తిలో అయిదింట నాలుగు వంతులు న్యూట్రాన్ పట్టుకుపోతుంది. దానికి విద్యుదావేశం లేదు కనుక ఏ అయస్కాంతమూ దాన్ని ఆపలేదు, నేరుగా గోడలోకి దూసుకుపోతుంది. మామూలు అణు రియాక్టర్లో పుట్టే న్యూట్రాన్ల సగటు శక్తి కంటే దీని శక్తి ఏడు రెట్లు ఎక్కువ. అది ఉక్కులోని పరమాణువులను వాటి స్థానాల నుంచి తన్నేస్తుంది, అంతటితో ఆగక కొన్ని కేంద్రకాలను చీల్చి లోహం లోపలే హీలియం వాయువును పుట్టిస్తుంది. ఆ వాయువు సూక్ష్మమైన బుడగలై లోహాన్ని ఉబ్బిస్తుంది, పెళుసు చేస్తుంది. ఐటీఈఆర్ తన జీవితకాలమంతా నడిచినా దాని గోడలోని ఒక్కో పరమాణువు సగటున మూడు సార్లకు మించి స్థానం తప్పదు. కరెంటు అమ్మే కేంద్రంలో ఆ సంఖ్య పదుల్లో ఉంటుంది. అంత దెబ్బ తిన్న తరువాత ఏ ఉక్కు ఎలా ప్రవర్తిస్తుందో చూడడానికి, అదే రకం న్యూట్రాన్లను తగినంత తీవ్రతతో ఇచ్చే పరీక్షా కేంద్రం నేటికీ ప్రపంచంలో ఎక్కడా పనిచేయడం లేదు. స్పెయిన్‌లోని గ్రనాడా దగ్గర ఒకటి కడుతున్నారు. అందులో లోహపు ముక్కలను ఏళ్ల తరబడి ఉంచి తీస్తేగాని గోడకు ఏ ఉక్కు పనికొస్తుందో కచ్చితంగా తేలదు. సాఫ్ట్‌వేర్ వేగంతో నడిపించగల పని కాదిది తమ్ముడూ, లోహం దెబ్బ తినడానికి పట్టే కాలం పడుతుంది.

ఇక ఆ గోడ ఒకసారి రేడియోధార్మికంగా మారాక మనిషి లోపలికి పోలేడు. మీరు చేత్తో తడిమి పట్టుకున్న పగులును అక్కడ దూరం నుంచి నడిపే యంత్రపు చేయి పట్టుకోవాలి, కోయాలి, కొత్త ముక్క పెట్టి అతకాలి, అతుకు సరిగా ఉందో లేదో అదే చెప్పాలి. న్యూట్రాన్లు పుట్టకముందే, మనుషులు తాకగలిగిన దశలోనే ఐటీఈఆర్‌కు ఎదురైన ఇబ్బందులు చూడండి. ఉష్ణకవచానికి అతికించిన చల్లబరిచే గొట్టాల్లో తుప్పు వల్ల పగుళ్లు కనిపించాయని, శూన్యపాత్ర భాగాల అంచులు కొలతలకు సరిపోలేదని 2022లో వాళ్లే ప్రకటించి, బిగించినదాన్ని విప్పి మళ్లీ చేశారు. దాచకుండా చెప్పినందుకు వాళ్ల మీద నాకు గౌరవం పెరిగింది. 2024లో ప్రకటించిన కొత్త ప్రణాళిక ప్రకారం పరిశోధన 2034లో మొదలవుతుంది, డ్యుటీరియం, ట్రిటియం కలిపి నడిపేది 2039లో. అప్పుడు కూడా 50 మెగావాట్ల వేడి పంపి 500 మెగావాట్ల వేడి రాబట్టడమే లక్ష్యం. అందులో టర్బైన్ లేదు, ఒక్క యూనిట్ కరెంటు కూడా బయటకు రాదు. పైగా ప్రయోగ సమయంలో అదే గరిష్ఠంగా 620 మెగావాట్ల వరకు గ్రిడ్ నుంచి తీసుకుంటుంది.

మన దేశం అందులో భాగస్వామి అన్నది పిల్లలకు తప్పక చెప్పండి. ఆ యంత్రాన్నంతటినీ కప్పి ఉంచే, దాదాపు 30 మీటర్ల ఎత్తు, అంతే వెడల్పు, 3850 టన్నుల బరువున్న క్రయోస్టాట్ భాగాలు గుజరాత్‌లోని హజీరాలో తయారై ఓడల్లో ఫ్రాన్స్ వెళ్లాయి. గాంధీనగర్‌లోని ప్లాస్మా పరిశోధన సంస్థలో 1989 నుంచే ఆదిత్య అనే మన సొంత టోకమాక్ నడిచింది.

ఉద్దానం కొబ్బరితోట
మంగళవారం, ఉదయం 6:20

అందరికీ నమస్కారం. నేను రైతును, చదువు డిగ్రీతో ఆగింది. మీరు రాసినవి రెండుసార్లు చదివాను. మాది సోంపేట వైపు. 2010లో మా బీలలో, అంటే చిత్తడి నేలలో, బొగ్గు విద్యుత్ కేంద్రం వద్దని జనం నిలబడినప్పుడు కాల్పులు జరిగి మనుషులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చి ముప్పై ఏళ్ల కొబ్బరి చెట్లను ఒక్క రాత్రిలో పడగొట్టింది, రోజుల తరబడి కరెంటు లేదు. కనుక నేను అడిగేవి యంత్రం నడుస్తుందా అన్న ప్రశ్నలు కావు. ఒకవేళ నడిచే రోజు వస్తే, దాన్ని మా తీరంలోనే పెడతారు. అప్పుడు సముద్రంలోకి వేడినీరు వదలకుండా ఉంటుందా? తుపానులో బయటి కరెంటు పోతే ఏమవుతుంది? నీటిలో ఏమైనా కలుస్తుందా? మా ఉద్దానంలో ఇన్ని వేల మందికి మూత్రపిండాలు పాడవడానికి కచ్చితమైన కారణం ఇప్పటికీ తేలలేదు. నీరు అన్న మాట మా ఊళ్లో తేలికగా వాడే మాట కాదు.

నిర్వాహకులు
మంగళవారం, ఉదయం 9:00

కొవ్వాడ నష్టపరిహారం, పునరావాసం గురించి వచ్చిన టపాలను ఆ అంశానికి కేటాయించిన వేరే చర్చలోకి మార్చాము. ఇక్కడ సంలీన సాంకేతికతపైనే చర్చ కొనసాగించవలసిందిగా మనవి.

గరివిడి విశ్రాంత ఇంజనీరు
మంగళవారం, మధ్యాహ్నం 1:10

ఉద్దానం అన్నగారి మొదటి ప్రశ్నకు నేను జవాబివ్వగలను. బొగ్గయినా, అణువైనా, సంలీనమైనా చివరికి జరిగేది నీటిని ఆవిరి చేసి టర్బైన్ తిప్పడమే. కొవ్వాడకు అనుకున్న రకం రియాక్టర్లో సుమారు 3400 మెగావాట్ల వేడి పుడితే కరెంటుగా మారేది మూడింట ఒక వంతు. మిగిలిన రెండు వంతులు సముద్రంలోకో గాలిలోకో పోవాలి. సంలీన కేంద్రంలో కూడా ఆ నిష్పత్తి పెద్దగా మారదు. పైగా అయస్కాంతాలను చల్లగా ఉంచడానికి, ప్లాస్మాను వేడి చేయడానికి, పంపులకు అది తన కరెంటులో గణనీయమైన భాగాన్ని తానే వాడుకోవాలి. కనుక బయటికి అమ్మే ఒక్కో యూనిట్‌కు సముద్రంలోకి పోయే వేడి తక్కువ కాకపోగా ఎక్కువ కావచ్చు. చేపల గురించి ఆ పిల్ల కుటుంబానికున్న ఆందోళన సంలీనంతో తీరిపోతుందని మాస్టారు చెప్పకూడదు.

మరో మాట. గ్రిడ్‌కు ఏ క్షణమైనా నమ్మదగిన కరెంటు కావాలి. 2022 ఏప్రిల్‌లో మన రాష్ట్రంలో పరిశ్రమలకు పవర్ హాలిడే ఇచ్చినప్పుడు ఫర్నేసు గడ్డకట్టకుండా కాపాడుకోవడానికి మా పిల్లలు పడిన పాట్లు నేను కళ్లారా చూశాను. 1337 సెకన్లు అంటే 22 నిమిషాల చిల్లర. అది పెద్ద విజయమే, కానీ ఆ ప్రయోగాల్లో ట్రిటియం లేదు, సంలీన శక్తిని రాబట్టలేదు. సంవత్సరానికి 8760 గంటల్లో ఏడు వేల గంటలు నడిచే యంత్రం కావాలి. గోడ పలకలు మార్చడానికి రెండేళ్లకోసారి ఆరు నెలలు ఆపవలసి వస్తే, ఇంధనం ఎంత చవకైనా యూనిట్ ధర నిలబడదు.

బొబ్బిలి వీణ
మంగళవారం, రాత్రి 10:30

ఉద్దానం అన్నగారూ, మీ రెండో ప్రశ్నకు జవాబు ధైర్యం కలిగించేదే. సంలీనంలో గొలుసు చర్య లేదు. పాత్రలో ఏ క్షణాన చూసినా ఒకటి రెండు గ్రాములకు మించని ఇంధనం ఉంటుంది. కరెంటు పోయినా, గాలి చొరబడినా, ప్లాస్మా క్షణాల్లో ఆరిపోతుంది. గోడల్లో నిలిచిన రేడియోధార్మికత వల్ల కొంత వేడి పుడుతూనే ఉంటుంది కానీ, విచ్ఛిత్తి రియాక్టర్ (బరువైన కేంద్రకాలను చీల్చే మామూలు అణు రియాక్టర్) ఇంధనంలో పుట్టినంత ఉండదు. చెర్నోబిల్ తరహా ప్రమాదం ఇందులో జరగదు. వేల ఏళ్లు దాచవలసిన వ్యర్థాలు కూడా ఉండవు. మారిన గోడ లోహాలను నూరేళ్ల స్థాయిలో భద్రపరచవలసి ఉంటుంది.

ప్లాస్మా ఆరిపోవడం మనుషులకు ప్రమాదం కాకపోయినా యంత్రానికి ప్రమాదమే. ఐటీఈఆర్ ప్లాస్మాలో ఒకటిన్నర కోట్ల ఆంపియర్ల కరెంటు ప్రవహించాలి. అది అదుపు తప్పి మిల్లీసెకన్లలో కూలితే గోడ మీద ఒకేచోట శక్తి కుమ్మరిస్తుంది. అటువంటి సూచన కనబడగానే గడ్డకట్టిన వాయువు గుళికలను పగలగొట్టి లోపలికి చల్లే ఏర్పాటు చేస్తున్నారు. కంప్యూటర్లతో ముందుగా పసిగట్టే పద్ధతులు ఇక్కడ నిజంగా ఉపకరిస్తున్నాయి, ఈ విషయంలో అరసవల్లి తమ్ముడి నమ్మకానికి ఆధారముంది.

మూడో ప్రశ్న నీరు. దానికి ట్రిటియం గురించి చెప్పాలి. నా దృష్టిలో ఈ రంగం మొత్తంలో అతి పెద్ద అనిశ్చితి కూడా అదే.

డ్యుటీరియం సముద్రపు నీటిలో కావలసినంత ఉంది. ట్రిటియం ప్రకృతిలో దాదాపు లేదు. దాని అర్ధాయువు 12.3 ఏళ్లు, అంటే డబ్బాలో దాచినా ఏటా 5 శాతానికి పైగా తరిగిపోతుంది. పౌర అవసరాలకు ప్రపంచంలో అందుబాటులో ఉన్నది సుమారు 25, 30 కిలోలు. అదీ ప్రధానంగా కెనడాలో భారజలంతో నడిచే విచ్ఛిత్తి రియాక్టర్ల నుంచి వచ్చినదే. వెయ్యి మెగావాట్ల సంలీన శక్తిని ఏడాదంతా ఇవ్వాలంటే 56 కిలోల ట్రిటియం మండాలి. వెయ్యి మెగావాట్ల కరెంటు కావాలంటే దానికి మూడింతలు. కనుక బయట కొని నడపడం అసంభవం, యంత్రమే తన ఇంధనాన్ని తాను పండించుకోవాలి. గోడ వెనుక లిథియంతో దుప్పటి లాంటి పొర పెడితే, న్యూట్రాన్ తగిలిన లిథియం విరిగి ట్రిటియం వస్తుంది.

ఉద్దానం అన్నగారికి అర్థమయ్యే మాట చెబుతాను. ఒక విత్తనం నాటితే ఒక విత్తనమే తిరిగి వచ్చే పంట ఊహించండి. మండిన ఒక్కో ట్రిటియానికి ఒకే న్యూట్రాన్ పుడుతుంది. ఆ ఒక్క న్యూట్రాన్ ఉక్కులో ఇంకిపోయినా, వేడి చేసే పరికరాల కోసం వదిలిన కిటికీల్లోంచి పోయినా ఆ విత్తనం పోయినట్టే. అందుకే బెరీలియమో సీసమో కలిపి న్యూట్రాన్లను కొంత పెంచుతారు. అన్నీ కలిసొస్తే ఒకటికి 1.05 నుంచి 1.15 వరకు పండుతుందని లెక్కలు చెబుతున్నాయి. ఆ కొద్దిపాటి మిగులుతోనే తరుగు, నష్టం, తరువాతి కేంద్రానికి విత్తనం అన్నీ తీరాలి. ఈ పంటను పూర్తి స్థాయిలో ఇప్పటి వరకు ఎవరూ పండించి చూడలేదు. ఐటీఈఆర్‌లో కూడా కొన్ని పరీక్షా పలకలు మాత్రమే పెడతారు.

లిథియంలో పనికొచ్చే రకం 7.5 శాతమే, దాన్ని వేరుచేసి పోగుచేయాలి. గతంలో అమెరికాలో పాదరసంతో ఆ పని చేసినప్పుడు నేల, నీరు తీవ్రంగా కలుషితమయ్యాయి. కొత్త పద్ధతులు పెద్ద స్థాయికి రావాలి.

నీటి విషయానికొస్తే, ట్రిటియం కూడా హైడ్రోజనే కనుక ఆక్సిజన్‌తో కలిసి నీరవుతుంది. దాని కిరణం చర్మాన్ని దాటలేదు, కానీ తాగిన నీటితో లోపలికి వెళితే శరీరమంతా తిరుగుతుంది. సుమారు పది రోజులకు సగం చొప్పున బయటికి పోతుంది. వేడెక్కిన ఉక్కు గొట్టాల గోడల్లోంచి కూడా అది నెమ్మదిగా చొచ్చుకుపోగలదు. అందుకే ఐటీఈఆర్ ప్రాంగణం మొత్తంలో 4 కిలోలకు మించి ఉండకూడదని పరిమితి పెట్టారు. దాన్ని అదుపులో ఉంచడం సాధ్యమే. ఎంత వదిలారో రోజూ కొలిచి ప్రజల ముందు పెట్టడం దానితో పాటు ఉండాలని మీ ప్రాంతం అడిగే హక్కు ఉంది.

అరసవల్లి కిరణం
బుధవారం, ఉదయం 7:40

అక్కా, ట్రిటియం లెక్క ఇంత ఇరుకైనదని నేను గ్రహించలేదు. అయస్కాంతాల గురించి నా మాట వెనక్కి తీసుకోను, అవి రంగాన్ని నిజంగా ముందుకు జరిపాయి. కానీ 2030ల తొలి సగంలో కరెంటు వస్తుందని ఇక్కడ స్నేహితులకు చెబుతూ వచ్చాను, ఆ మాట ఇకపై చెప్పను. మన తీరపు ఇసుకలో మోనజైట్, దానిలో థోరియం ఉన్నాయి కదా, అవి ఈ పనికి ఉపకరిస్తాయా?

బొబ్బిలి వీణ
బుధవారం, ఉదయం 8:15

లేదు తమ్ముడూ. థోరియం విచ్ఛిత్తి రియాక్టర్ల దారిలోనిది.

రణస్థలం మాస్టారు
గురువారం, రాత్రి 9:20

ఇవాళ తరగతిలో చెప్పాను. పరీక్షల కోసం కాదని ముందే చెప్పి, నల్లబల్ల మీద 83 యూనిట్లు ఒకవైపు, ముప్పావు యూనిట్ పైచిలుకు మరోవైపు రాశాను. సంలీన విద్యుత్తు ఎప్పుడు వస్తుందో తేదీ చెప్పగలిగినవారు ఇవాళ లేరని, కనుక కొవ్వాడ కావాలనడానికి గాని వద్దనడానికి గాని దాన్ని సాక్ష్యంగా తేకూడదని, కొవ్వాడను ఈ రోజు చేతిలో ఉన్న సౌర, పవన విద్యుత్తులతో, దాని సొంత ఖర్చుతో, భద్రతతో, మీ ఊళ్లకు జరిగే న్యాయంతో తూచాలని అన్నాను. వేడినీటి సంగతి కూడా దాచలేదు. తరగతి చాలాసేపు నిశ్శబ్దంగా ఉంది.

తరువాత ఆ అమ్మాయే మళ్లీ లేచింది. "మాస్టారూ, ఒకటికి ఒకటీ ఐదు పైసలు పండుతుందని లెక్క అన్నారు. పండినది గోడ లోపల ఉంటే, నిజంగా ఒకటీ ఐదు వచ్చిందో, తొంభై ఐదే వచ్చిందో తూచేది ఎలా?" అని అడిగింది. తెల్లవారుజామున ఒడ్డున చేపల తూకం దగ్గర నిలబడే పిల్ల కనుక ఆ ప్రశ్న వచ్చిందనుకుంటాను. వీణ గారూ, దీనికి నా దగ్గర జవాబు లేదు.

బొబ్బిలి వీణ
గురువారం, రాత్రి 11:05

మాస్టారూ, ఆ అమ్మాయి అడిగినదాని మీద ఇవాళ కూడా పరిశోధన సాగుతోంది. నేను ఆమె వయసులో ఇంత సూటిగా అడిగి ఉండేదాన్ని కాదు.

సీసాలోకి తీసిన ట్రిటియాన్ని దాని వేడితో తూస్తారు. అది తరిగిపోతూ గ్రాముకు సుమారు వాట్‌లో మూడో వంతు చొప్పున వేడి ఇస్తుంది. ఆ వేడిని సున్నితమైన పెట్టెలో కొలిస్తే లోపల ఎన్ని గ్రాములున్నాయో తెలుస్తుంది. చిక్కంతా సీసాలోకి రానిదానితోనే. జెట్‌లో 1997 నాటి ప్రయోగాలకు గోడ కార్బన్ పలకలతో ఉండేది. అప్పుడు లోపలికి పంపిన సుమారు 35 గ్రాముల ట్రిటియంలో దాదాపు మూడో వంతు బయటికి రాకుండా గోడలకే అంటుకుపోయింది. ఆ అనుభవంతోనే తరువాత గోడను బెరీలియం, టంగ్‌స్టన్‌లకు మార్చితే అంటుకునేది బాగా తగ్గింది. అయినా గోడలో మిగిలినదాన్ని ఎవరూ నేరుగా తూచలేరు. పంపినదానిలోంచి తిరిగి వచ్చినదీ, మండినదీ, తరిగినదీ తీసివేసి మిగిలినది అక్కడ ఉందని అనుకోవడమే.

వెయ్యి మెగావాట్ల కరెంటిచ్చే కేంద్రంలో రోజుకు 460 గ్రాములు మండుతుంది. ప్లాస్మాలోకి పంపిన దానిలో మండేది కొద్ది శాతమే కనుక, రోజూ చేతులు మారేది దానికి ఎన్నో రెట్లు, కిలోల్లో ఉంటుంది. ఆ కిలోల తూకంలో నూటికి ఒకటి తప్పినా, ఐదు శాతం మిగులు నిజమో కాదో చెప్పలేని స్థితి వస్తుంది. మీ విద్యార్థిని అడిగిన ఒకటీ ఐదుకూ తొంభై ఐదుకూ మధ్య తేడా సరిగ్గా అక్కడే ఉంది. తీసివేత లెక్కతో ఒక చిన్న అభ్యాసం తయారుచేసి రేపు మీకు పంపుతాను, పంపినది, వచ్చినది, మండినది, తరిగినది నాలుగు గడులుగా ఉంటుంది, ఐదో గడి ఖాళీగా వదిలేస్తాను.